శిరశ్శబ్దార్థ విచారము

క్రైస్తవ వివాహమునందు భార్యపై భర్తకుఁ గల యధికారమును స్థాపింపఁగోరువారు ప్రధాన ప్రమాణముగాఁ జూపునది ఎఫెసీయుల పత్రికలోని యైదవ యధ్యాయము. అందు 23వ వచనమున, సంఘమునకు క్రీస్తెట్టివాఁడో భార్యకు భర్త యట్టివాఁడని చెప్పుచుఁ బౌలు ప్రయోగించిన గ్రీకుశబ్దము ‘కెఫలే’. తెలుఁగు బైబిలున దీనికి ‘శిరస్సు’ అని యున్నది. శిరస్సనఁగా ఏలిక యని యొక పక్షము. ఉత్పత్తిస్థానమని వేఱొక పక్షము. ఈ రెండింటిలో నేది యర్థమను ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదు. వివాహసమయమున వధూవరుల యెదుటఁ జదువఁబడు ప్రకరణమిది. దంపతులకుఁ గలహము వచ్చినప్పుడు పెద్దలు తీర్పునకై చూపు ప్రకరణమును ఇదియే. దెబ్బలు తిని పుట్టినింటికి వచ్చిన స్త్రీని, భర్త శిరస్సు గదా యని చెప్పి మరల నచటికే పంపుటకు ఈ శబ్దము నుపయోగించుట ధర్మమా కాదా యనునది శబ్దార్థనిర్ణయముపై నాధారపడి యున్నది.

ఈ విచారమునకు విశాఖపట్టణ ప్రాంతము తగిన స్థానము. ముద్రితమైన తెలుఁగు క్రొత్తనిబంధనము ప్రధానముగా నిచటనే రూపొందినది. అంతకు ముందే, 18వ శతాబ్ది పూర్వార్ధమున, బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను మతబోధకుఁడు మద్రాసునందుండి బైబిలును దెనిఁగించెను గాని యది యచ్చు కాలేదు. వ్రాఁతప్రతులు హల్లె నగరమునకుఁ జేరినవి. 1805లో లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణమునకు వచ్చి, క్రైస్తవమతమును స్వీకరించిన ఆనందరాయరను బ్రాహ్మణుని సాహాయ్యమున సువార్తల యనువాదమునకుఁ బూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు సిద్ధపఱచిన మూఁడు సువార్తలు వంగదేశమునందలి శ్రీరామపురమున ముద్రితములైనవి. పిమ్మట ఎడ్వర్డ్ ప్రిచ్చెట్ క్రొత్తనిబంధనమును ముగించెను. అది 1818లో మద్రాసున నచ్చయ్యెను. తరువాత జాన్ హే మొదలగువారు విశాఖపట్టణముననే దానిని సవరించిరి.

విశాఖపట్టణమునుండి అనకాపల్లి, ఎలమంచిలి, నక్కపల్లి మీఁదుగాఁ దునికిఁ బోవు రాజమార్గమునందలి గ్రామములు నాఁడు విశాఖపట్టణము జిల్లాలోనివి. 2022లో నక్కపల్లి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలోఁ జేరినది. ఇట్టి గ్రామములందలి క్రైస్తవ సంఘములకుఁ జెవిఁబడునది గ్రీకుమూలము కాదు, తెలుఁగు మాట. కావున గ్రీకుశబ్దము యొక్క శక్తితోపాటు, దాని స్థానమున నిలిచిన తెలుఁగుశబ్దము యొక్క శక్తియుఁ బరిశీలింపఁదగినది.

‘కెఫలే’ శబ్దమునకు వాచ్యార్థము తల. అమరుఁడు చెప్పిన ఉత్తమాంగము, శిరస్సు, శీర్షము, మూర్ధము, మస్తకము అనునవి దీనికి సరిపోవును. భర్త భార్యకు వాచ్యార్థమునఁ దల కానేరఁడు గనుక ముఖ్యార్థబాధ కలుగుచున్నది. లక్షణ నాశ్రయింపక తప్పదు. ఇది సాదృశ్యముపై నాధారపడిన గౌణవృత్తి. మాణవకుని సింహమన్నప్పుడు సింహమునందలి శౌర్యము గ్రహింపఁబడునే కాని జూలును గోళ్లును గ్రహింపఁబడవు. అట్లే తలయందు ధర్మము లనేకములున్నవి. అది పైన నుండును, శరీరమును నడపును, మొదటిదిగా నెన్నఁబడును, ఆహారము లోనికిఁ బోవుటకు ద్వారమగును, బరువును మోయును. వీనిలో నే ధర్మము వక్తకు వివక్షితమో తెలిసికొనుటయే యిచటి కార్యము.

గ్రీకు వాఙ్మయమున తల మొదటికిని, పుట్టుకచోటునకును జెల్లుట కలదు. హెరోడటసు తన చరిత్రమునందు నాల్గవ గ్రంథమున తెయారొసు నదీతీరమునఁ బారసీకరాజు నిలిపిన శాసనమును బేర్కొనెను. అందు నది యూఁటలు నది తలలుగాఁ జెప్పఁబడినవి. దక్షిణదేశమువారికి నిది వింత కాదు. కావేరి పుట్టినచోటు తలకావేరి. తెలుఁగున ఇంటి మొదటి ద్వారము తలవాకిలి. ఇఁక నాయకార్థము విషయము. హీబ్రూభాషయందలి ‘రోష్’ శబ్దమునకుఁ దల యనియు, నాయకుఁడనియు రెండర్థములును సామాన్యములు. క్రీస్తునకుఁ బూర్వము యూదులు తమ గ్రంథములను గ్రీకునకు మార్చినప్పుడు, నాయకార్థము గల చోట్లఁ బెక్కింట ‘అర్ఖోన్’ మొదలగు వేఱు శబ్దములను వాడిరి. కొన్నిచోట్ల మాత్రము ‘కెఫలే’ నే యుంచిరి. న్యాయాధిపతుల గ్రంథమునందలి యెఫ్తా వృత్తాంతమును, యెషయా గ్రంథమున 7వ యధ్యాయమునందలి దమస్కు ప్రస్తావమును ఇట్టివి. కావున నాయకార్థ మసంభవమనుట సాహసము. అదియొక్కటియే యర్థమనుటయు సాహసమే.

ఆధునికులలో స్టీఫెన్ బెడేల్ 1954లో, పౌలు పత్రికలందు ఈ శబ్దమునకు ‘ఆది’ యను నర్థము ప్రధానమని వాదించెను. వేన్ గ్రూడెమ్ 1985లో 2,336 ప్రయోగములను బరిశీలించి, అధికారార్థమును సమర్థించి, ఉత్పత్తిస్థానార్థమును నిరాకరించెను. పిమ్మటి పండితులు ఆ ప్రయోగములనే మరలఁ జూచి భిన్నాభిప్రాయములు ప్రకటించిరి. ప్రయోగముల లెక్కవలన శబ్దమున కేయే యర్థములు చెల్లునో తెలియును; ఒకానొక వాక్యమున వక్తకుఁ గల తాత్పర్యము తెలియదు. సైంధవశబ్దమునకు ఉప్పనియు గుఱ్ఱమనియు నర్థములు. భోజనసమయమున సైంధవము తెమ్మన్నచో, గుఱ్ఱమను నర్థమునఁ బ్రయోగములు వేయియున్నను గుఱ్ఱమును దెచ్చువాఁడు లేఁడు. ప్రకరణమే నిర్ణాయకము.

తెలుఁగు శ్రోతకు శిరస్సనఁగానే యధికారము స్ఫురించుననుటయుఁ బూర్ణసత్యము కాదు. తెలుఁగువారు బాధ్యతను మీఁద వేసికొనుటను దలకెత్తుకొనుట యందురు. పెద్దల యాజ్ఞను బాలించుట శిరసావహించుట. గడ్డిమోపును నీళ్లకుండను మోయునది తల. ఈ నుడికారములందు శిరస్సు ఆజ్ఞాపించు నంగముగాఁ గాక, ఆజ్ఞను భారమును వహించు నంగముగాఁ గనఁబడుచున్నది. ఏలిక, యజమానుఁడు, అధికారి యను శబ్దము లెన్నియో యుండఁగా వానిని విడిచి, మూలమునందువలెనే శరీరాంగవాచకము నుంచిన యనువాదము ప్రశంసింపఁదగినది. మూలమునందలి లక్షణ తెలుఁగునను లక్షణగానే నిలిచినది. అర్థనిర్ణయము పాఠకునికి విడువఁబడినది.

తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యను నాఱు లింగములను జెప్పిరి. వీనిలో ముఖ్యములైన కొన్నింటితో ఈ ప్రకరణమును బరీక్షింపవచ్చును.

ముందుగా ఉపక్రమము. భార్యలకుఁ జెప్పిన ధర్మము 22వ వచనమున మొదలగునని సామాన్యముగాఁ దలఁతురు. కాని గ్రీకు ప్రాచీనప్రతులను జూచినచో నట్లు తలఁచుటకు వీలు లేదు. సుమారు 200వ సంవత్సరము నాఁటిదిగా నెన్నఁబడు 46వ పపైరసుప్రతియందును, 4వ శతాబ్దికిఁ జెందిన వాటికను ప్రతియందును, 22వ వచనమునఁ గ్రియాపదమే లేదు. భార్యలు తమ భర్తలకు అనునంతమాత్రమే కలదు. అపేక్షితమగు క్రియ 21వ వచనమునుండి రావలెను. ఆ వచనమున, క్రీస్తునందలి భయముతో నొండొరులకు లోఁబడుట విశ్వాసులందఱికిని జెప్పఁబడినది. పాణినీయము నధ్యయనము చేసినవారికి ఈ రీతి సుపరిచితము. పూర్వసూత్రమునందలి పదము ఉత్తరసూత్రమునకు వచ్చుట అనువృత్తి. అనువృత్తిచే వచ్చిన పదమునకుఁ బూర్వసూత్రమున నే యర్థమో యుత్తరసూత్రమునను అదియే యర్థము. విశ్వాసులందఱు నొండొరులకుఁ జూపవలసిన లోఁబాటు ఎట్టిదో, 22వ వచనమున భార్య భర్తకుఁ జూపునదియు నట్టిదే కావలెను. అచట మృదువుగా నున్న క్రియ యిచటఁ గఠినము కానేరదు.

తెలుఁగున 21వ వచనమున విధిరూపముతో వాక్యము ముగియుచున్నది. 22వ వచనమున స్త్రీలను సంబోధించి ‘లోబడు’ ధాతువే మరలఁ బ్రయోగింపఁబడినది. అందుచే రెండును వేర్వేఱు విధులవలెఁ దోఁచును. ఇది యనువాదకుల దోషము కాదు. వారి కాలమునఁ బ్రచారమున నున్న గ్రీకు ముద్రణమున 22వ వచనమునందుఁ గ్రియ యుండెను. వాటికను ప్రతిపాఠము 19వ శతాబ్ది మధ్యముననే లోకమునకు వెల్లడియయ్యెను. 46వ పపైరసు 1930వ దశకమునఁ బ్రకటితమయ్యెను. 1818 నాఁటి క్రొత్తనిబంధనమును దీర్చినవారికి ఈ రెండును లభ్యములు కావు.

ఇచట నొక యాక్షేపము కలదు. 21వ వచనము ఉత్సర్గము, 22వది అపవాదము. అపవాదము ఉత్సర్గమును బాధించును గనుక భార్యాభర్తల విషయమునఁ బరస్పరత నివర్తించునని చెప్పవచ్చును. ఇది నిలువదు. అపవాదము ఉత్సర్గమునకు విరుద్ధమైన కార్యమును విధింపవలెను. ఇచట విరుద్ధకార్యము లేదు. ఉత్సర్గమునందలి క్రియయే యనువర్తించుచున్నది. తాను బాధింపవలసిన సూత్రమునుండియే క్రియను దెచ్చుకొని బ్రదుకు వాక్యము ఆ సూత్రమును బాధింపఁజాలదు. కావున 22వ వచనము సామాన్యమునకు విశేషోదాహరణమే. వ్యాకరణమున అధికారమనఁగా ఆజ్ఞాపించు శక్తి కాదు. ఒకచోట నుచ్చరింపఁబడి తరువాతి సూత్రములన్నింటికి వ్యాపించు శబ్దము. ఆ పరిభాషలోఁ జెప్పినచో ఈ ప్రకరణమున నధికారము 21వ వచనమునకుఁ గలదు.

క్రియారూపమును విచార్యమే. ‘హుపొతస్సో’ యనునది ‘హుపొ’ యను నుపసర్గతోఁ గూడిన ధాతువు. క్రిందుగా నమర్చుట యర్థము. ఇచటి రూపము గ్రీకువైయాకరణులు మధ్యమమనునది. సంస్కృతమున నాత్మనేపదమునకు సన్నిహితము. క్రియాఫలము కర్తను జేరు రూపమది. తన్నుఁ దాను అమర్చుకొనుట భార్య చేయు క్రియ; భర్త భార్యను లోఁబఱచుకొనవలెనను విధి ఈ పత్రికయం దెచటను లేదు. మఱియు 6వ యధ్యాయమున బిడ్డలకును దాసులకును జెప్పునప్పుడు పౌలు ‘హుపకూఓ’ యను వేఱు ధాతువును బ్రయోగించెను. దానికిఁ జెప్పినట్లు వినుట యర్థము. తెలుఁగు బైబిలును ఈ భేదమును గాపాడినది. భార్యలకు ‘లోబడు’, బిడ్డలకు దాసులకు ‘విధేయులు’. పేతురు మొదటిపత్రికయందు శారా యబ్రాహామునకు విధేయురాలయ్యెనని ‘హుపకూఓ’ ధాతువే కలదు గదా యనవచ్చును. అది పూర్వకథాకథనము, పైఁగా ఆ పత్రిక యొక్క యా ప్రకరణమే పురుషులను, భార్యలను జీవవరమునందుఁ దోడివారసులుగా సన్మానింపుఁడని ముగియుచున్నది.

ఇఁక నభ్యాసము. భార్యలకుఁ జెప్పినవి మూఁడు వచనములు. భర్తలకుఁ జెప్పినది 25 మొదలు 33 వఱకు విస్తరించినది. ప్రేమింపవలెనను మాట యందు మరల మరల వచ్చుచున్నది. ఏలవలెనను మాట యొక్కమాఱును రాలేదు. శిరస్సని చెప్పిన వెంటనే పౌలు దానికి శరీరరక్షకత్వమును జేర్చెను. పిమ్మట సంఘముకొఱకుఁ దన్నుఁ దా నర్పించుకొనుటను, తన శరీరమును బోషించి సంరక్షించుటను వివరించెను. గౌణవృత్తియందు సాధారణధర్మమును వక్తయే నోరార జెప్పినప్పుడు శ్రోత వేఱొక ధర్మమును దెచ్చి యతికింపరాదు. ఈ పత్రికయందే 4వ యధ్యాయమున శిరస్సునుండి శరీరమంతయు వృద్ధి పొందునని చెప్పఁబడినది. కొలొస్సయుల పత్రికయందును ఇట్లే. మొదటి యధ్యాయమున క్రీస్తు సమస్తముపైన శిరస్సని చెప్పినచోట నధికారార్థము స్పష్టము. దానిని గాదనుట యుక్తము కాదు. కాని యచట సమస్తము పాదముల క్రింద నుంపఁబడినట్లు చెప్పిన పౌలు, సంఘమును శరీరమనెను; భార్యనుగూర్చి పాదముల ప్రసక్తి యెచటను దేలేదు.

అపూర్వత యనఁగా వేఱుచోటఁ దెలియని విషయమును జెప్పుట. గృహమునందు యజమానునకు దాసునిపై, భర్తకు భార్యపై, తండ్రికి బిడ్డలపైఁ గల యేలుబడిని అరిస్టాటిలు తన రాజనీతిగ్రంథమున మొదటిభాగముననే విచారించెను. రోమనుల ధర్మశాస్త్రమున గృహపతి శక్తి ప్రసిద్ధము. ఎఫెసునగరమునందలి పురుషునకు, నీవు ఏలికవని చెప్పుటలో నపూర్వత లేదు, అది లోకసిద్ధము. భార్యకొఱకుఁ బ్రాణము నర్పింపుమనుటయే యపూర్వము. లోకసిద్ధమును మరలఁ జెప్పుట యనువాదమాత్రమనియు, అపూర్వాంశమునందే విధికిఁ దాత్పర్యమనియు మీమాంసకుల మతము.

ఈ యర్థమునకుఁ దెలుఁగుభాషయందుఁ జక్కని శబ్దము సిద్ధముగా నున్నది. ధారణపోషణార్థకమగు ‘భృ’ ధాతువునకుఁ దృచ్ ప్రత్యయము చేరఁగా భర్తృశబ్దము, భరించువాఁడు, పోషించువాఁడు. ‘పతి’ శబ్దము రక్షణార్థకమగు ‘పా’ ధాతువునుండి నిష్పన్నము. శరీరమును బోషించి సంరక్షించు శిరస్సు అని పౌలు చెప్పినది ఈ రెండు శబ్దముల వ్యుత్పత్తులలోను గలదు. లోకవ్యవహారమున భర్తృశబ్దము ప్రభువాచకమై, పోషణార్థము మఱుఁగుపడినట్లే, సంఘవ్యవహారమున శిరశ్శబ్దమునకును జరిగినది.

అధికారవాచకమైన గ్రీకుశబ్దము వివాహప్రకరణమున నిజముగాఁ బ్రయుక్తమైన చోటు వేఱొకటి కలదు. కొరింథీయుల మొదటిపత్రిక 7వ యధ్యాయము 4వ వచనమున ‘ఎక్సూసియా’ శబ్దమునుండి పుట్టిన ధాతువు రెండుమాఱులు వచ్చినది. తెలుఁగునఁ గూడ ‘అధికారము’ అనియే యున్నది. భార్య దేహముపై నధికారము భర్తదని చెప్పి, అట్లే భర్త దేహముపై నధికారము భార్యదని సమముగాఁ జెప్పఁబడినది. పూర్వార్ధమును లోకమెఱుఁగును, ఉత్తరార్ధము నాఁటికి నపూర్వము. ఆ పత్రికయందే 11వ యధ్యాయము 10వ వచనమున స్త్రీకిఁ దలపై ‘ఎక్సూసియా’ యుండవలెనని కలదు. తెలుఁగున ‘అధికార సూచన’ యని యున్నది. ‘సూచన’ యను పదమునకు మూలమున సరియైన శబ్దము లేదు. ఆ యొక్క పదము చేరుటతో స్త్రీకిఁ గల యధికారము ఆమెపై నొకరికిఁ గల యధికారమునకు గుర్తుగాఁ బఠింపఁబడుచున్నది. తిమోతి మొదటిపత్రిక 2వ యధ్యాయమున ‘ఔథెంటేయిన్’ అను శబ్దము క్రొత్తనిబంధనమంతయు వెదకినను ఒక్కచోటనే వచ్చునది. దానికిని దెలుఁగున ‘అధికారము’ అనియే. ఇట్లు వేర్వేఱు గ్రీకుశబ్దములు తెలుఁగున నొకే శబ్దమునఁ గలసిపోయినవి. అదే పత్రిక 5వ యధ్యాయమున వివాహిత స్త్రీ చేయవలసినదానికి ‘ఒయికొదెస్పొతేయిన్’ అని ప్రయోగము. అనఁగా గృహమునకు యజమానత్వము వహించుట. తెలుఁగున ‘గృహపరిపాలన’ యని చక్కఁగాఁ బరివర్తితమైనది. స్త్రీకి గృహమునఁ బరిపాలనము లేదనువారు ఈ శబ్దమునకుఁ జెప్పు సమాధానము కనఁబడదు.

పూర్వవ్యాఖ్యాతలలో 4వ శతాబ్ది చివరివాఁడగు యోహాను క్రిసోస్తోము, గ్రీకు మాతృభాషగాఁ గలవాఁడు, భర్తకు శిరస్త్వమును ఆధిక్యమును నంగీకరించెను. అయినను ఈ ప్రకరణముపైఁ జేసిన యుపన్యాసమున, దాసుని భయముచేఁ గట్టవచ్చునేమో కాని, జీవితమునఁ దోడైన భార్యను భయముచేతను బెదరింపులచేతను గట్టరాదని స్పష్టపఱచెను. కావున శిరస్సనఁగా నాయకుఁడే యని పట్టుపట్టినవారికిని, ఆ నాయకత్వమునందు దండనము చేరదని యొప్పుకొనక తప్పదు. ఈ సారాంశము తరువాతి యాచారములందు నిలువలేదు. 1662 నాఁటి యాంగ్లసంఘ ప్రార్థనాగ్రంథమున వధువు మాత్రమే విధేయత్వమునకుఁ బ్రమాణము చేయవలసియుండెను. వరునికి నా ప్రమాణము లేదు. పౌలు భార్యలకు వాడని ధాతువు వివాహప్రమాణమునఁ జేరినదన్నమాట. అమెరికాలోని యెపిస్కోపల్ సంఘము తన 1928 నాఁటి గ్రంథమున దానిని దొలఁగించెను.

భారతదేశమునను ఈ విషమత శాసనమున నుండెను. 1869 నాఁటి విడాకుల చట్టమునందుఁ బదవసెక్షను ప్రకారము, భార్య వ్యభిచారమొక్కటియే భర్తకుఁ జాలిన హేతువు. భార్యకో, భర్త వ్యభిచారమునకుఁ దోడుగాఁ గ్రూరత, పరిత్యాగము మొదలగువానిలో మఱియొకటి చూపవలసియుండెను. 1872 నాఁటి క్రైస్తవ వివాహచట్టముక్రిందఁ బెండ్లియాడిన తెలుఁగు స్త్రీలకును ఇదియే గతి. 2001 సవరణముతో హేతువులు ఇరువురకు సమములైనవి, క్రూరత స్వతంత్రహేతువయ్యెను. 2005 నాఁటి గృహహింసనిరోధక చట్టము మతభేదము లేక యెల్ల స్త్రీలకు రక్షణము కల్పించినది. శాసనము మాఱినను, గ్రామమున స్త్రీ మొదట విను తీర్పు న్యాయస్థానమునది కాదు, సంఘపెద్దలది. ఆ తీర్పు శిరశ్శబ్దముపై నిలుచును.

ఉపసంహారమున పౌలు 33వ వచనమున భర్తకుఁ బ్రేమను, భార్యకు గౌరవమును జెప్పి ముగించెను. ఉపక్రమమునఁ బరస్పరమగు లోఁబాటు, ఉపసంహారమున నిరువురకును జెందిన విధి. నడుమ నున్న శిరశ్శబ్దము ఈ రెండింటికి ననుగుణముగా నర్థము పొందవలెను. భరించి, పోషించి, రక్షించు శిరస్సు అను నర్థము ప్రకరణమంతటికిఁ బొసఁగును. ఆజ్ఞాపించి దండించు శిరస్సు అనునది ప్రకరణమునందలి యే వచనముచేతను సాధింపఁబడదు. స్వశరీరమును ద్వేషించినవాఁ డెవఁడును లేఁడని పౌలే చెప్పియుండఁగా, శరీరమును గొట్టు శిరస్సు ఉపమానమునకే దూరము.

దీనినిబట్టి రెండు కర్తవ్యములు సిద్ధించుచున్నవి. వివాహసమయమున ఈ ప్రకరణమును 22వ వచనమునుండి కాక 21వ వచనమునుండి చదువవలెను. ఇఁకముందు వచ్చు తెలుఁగు ముద్రణములందు ఆ రెండు వచనముల నడుమ శీర్షిక నుంపక, వానిని ఏకవాక్యముగాఁ గలుపుటయో, రెండవ క్రియ మూలమున లేదని యధస్సూచికయందుఁ దెలుపుటయో చేయవలెను. ‘శిరస్సు’ అను మాటను మార్చఁబనిలేదు.